మైలవరం సౌర విద్యుత్ పార్కు

మైలవరం సౌర విద్యుత్ పార్కు ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములోని వై.ఎస్.ఆర్. కడప జిల్లా, మైలవరం మండలములో ఏర్పాటైన సౌర విద్యుత్ ఉత్పత్తి ప్రాంతము. అధికార పత్రాలలో దీనిని కడప అల్ట్రా మెగా సోలార్ పార్కు అని వ్యవహరిస్తారు. దీని ప్రతిపాదిత సామర్థ్యం 1000 మెగావాట్లు, విస్తీర్ణం సుమారు 5,927 ఎకరాలు. ఎన్.టి.ఆర్. జిల్లాలో మైలవరం అను పేరుతో మరొక పట్టణం ఉన్నది. ఈ వ్యాసం జమ్మలమడుగు సమీపములోని మైలవరమునకు సంబంధించినది.

బొగ్గు మీద ఆధారపడిన విద్యుత్ వ్యవస్థలోనికి సౌర విద్యుత్తును తీసుకొని రావడములో ఎదురయ్యే చిక్కులన్నీ ఈ ఒక్క మండలం పరిసరాలలోనే చూడవచ్చును. ఎండ పుష్కలముగా ఉన్నది, భూమి ఉన్నది, పెట్టుబడిదారులు కూడా ముందుకు వచ్చారు. అయినను 2020 నాటికి మొదటి దశలోని 250 మెగావాట్లు మాత్రమే పూర్తి అయినవి, ఆ తరువాత కూడా చాలాకాలం లెక్కలలో అదే అంకె కొనసాగినది.

ప్రాంతము

మైలవరం పెన్నా నది ఒడ్డున ఉన్నది. ఇక్కడ నది మీద కట్టిన మైలవరం జలాశయం సామర్థ్యం సుమారు 10 టి.ఎం.సి.లు. దీనికి ఎగువన గండికోట జలాశయం ఉన్నది. మండలములోని వద్దిరాల, తలమంచిపట్నం, పొన్నంపల్లి తదితర గ్రామాల భూములు సౌర పార్కు పరిధిలోనికి వచ్చినవి. జమ్మలమడుగు ప్రాంతపు నల్లరేగడి నేలలలో పత్తి, శనగ, జొన్న, పొద్దుతిరుగుడు పండిస్తారు. వర్షపాతం తక్కువ, ఆకాశం నిర్మలముగా ఉండే రోజులు ఎక్కువ. రైతుకు కష్టం కలిగించే ఈ లక్షణమే సౌర విద్యుత్తుకు అనుకూలము.

ఇదే పెన్నా పరీవాహక ప్రాంతములో, ఎర్రగుంట్ల మండలం కలమళ్ళ వద్ద రాయలసీమ థర్మల్ పవర్ ప్రాజెక్టు ఉన్నది. ముద్దనూరు ఆర్.టి.పి.పి.గా ఇది ప్రసిద్ధి. ఇందులో 210 మెగావాట్ల యూనిట్లు ఐదు, 2018లో చేరిన 600 మెగావాట్ల యూనిట్ ఒకటి, మొత్తం 1650 మెగావాట్లు. మొదటి యూనిట్ 1994లో ప్రారంభమైనది. దీనికి కావలసిన నీరు మైలవరం జలాశయం నుండే వస్తుంది. బొగ్గు మాత్రం వందల కిలోమీటర్ల దూరం నుండి, ప్రధానముగా సింగరేణి గనుల నుండి, రైలు పెట్టెలలో రావాలి. 2014లో రాష్ట్ర విభజన తరువాత సింగరేణి గనులు పూర్తిగా తెలంగాణలో ఉండిపోయినవి. రాయలసీమలో బొగ్గు నిక్షేపాలు లేవు. కనుక ఈ కేంద్రం తన ఇంధనం కోసం పొరుగు రాష్ట్రముపైన, రైల్వేపైన ఆధారపడి నడుస్తున్నది.

స్థాపన

భారతదేశములో సౌర విద్యుత్తుకు ఒక జాతీయ లక్ష్యం 2010లో జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సౌర మిషన్‌తో ఏర్పడినది. అప్పటి లక్ష్యం 2022 నాటికి 20,000 మెగావాట్లు. దీనిని 2015లో 1,00,000 మెగావాట్లకు పెంచారు. 2022 చివరికి దేశం చేరుకున్నది సుమారు 63,000 మెగావాట్లు. లక్ష మెగావాట్ల మైలురాయి 2025 ఆరంభములో దాటినది.

భూసేకరణ, రహదారి, విద్యుత్ లైన్ల అనుమతులు ఒక్కొక్క కంపెనీ విడివిడిగా సంపాదించుకోవడం కష్టమని భావించి కేంద్ర ప్రభుత్వం 2014 డిసెంబరులో సౌర పార్కుల పథకాన్ని ప్రవేశపెట్టినది. పార్కు అభివృద్ధికి మెగావాట్‌కు 20 లక్షల రూపాయలు లేదా వ్యయములో 30 శాతం, ఏది తక్కువైతే అది, కేంద్రం సహాయముగా ఇస్తుంది. ఆంధ్ర ప్రదేశ్‌లో ఈ పనికి ఆంధ్ర ప్రదేశ్ సోలార్ పవర్ కార్పొరేషన్ ఏర్పడినది. ఇది భారత సౌర విద్యుత్ సంస్థ అయిన సెకి, రాష్ట్ర జెన్‌కో, నెడ్‌క్యాప్ కలిసి నెలకొల్పిన ఉమ్మడి సంస్థ. ఇదే సంస్థ ఆధ్వర్యములో అనంతపురం జిల్లా నంబులపూలకుంట, కర్నూలు జిల్లా గని - శకునాల పార్కులు కూడా వచ్చినవి. ఈ మూడింటిలో కర్నూలు పార్కు 1000 మెగావాట్లతో 2017లోనే పూర్తి అయినది. ఒకే చోట అంత సామర్థ్యం గల పార్కులలో అప్పటికి అది ప్రపంచములోనే పెద్దది. మైలవరం మాత్రం వెనుకబడినది. ఆ వెనుకబాటుకు ఎండతో గాని, సాంకేతికతతో గాని సంబంధం లేదు.

వేలములు, ధరల పతనం

2013 ప్రాంతములో రాష్ట్రం సౌర విద్యుత్తుకు నిర్ణయించిన ధర యూనిట్‌కు 6.49 రూపాయలు. 2015 నవంబరులో కర్నూలు పార్కుకు అమెరికా కంపెనీ సన్ ఎడిసన్ 4.63 రూపాయలకు వేలం పాడినది. అప్పటికి అది రికార్డు. అయితే ఆ కంపెనీ 2016 ఏప్రిల్‌లో దివాలా రక్షణ కోరగా, ప్రాజెక్టు గ్రీన్‌కో చేతికి వెళ్ళినది. ధరల పందెములో గెలిచినవారు నిలబడగలరా అను ప్రశ్న అప్పుడే తలెత్తినది.

మైలవరములోని మొదటి 250 మెగావాట్లకు 2017 ఏప్రిల్‌లో ఎన్.టి.పి.సి. వేలం నిర్వహించినది. ఫ్రాన్స్‌కు చెందిన సొలేర్‌డైరెక్ట్ యూనిట్‌కు 3.15 రూపాయలకు దక్కించుకున్నది. అది కూడా అప్పటికి దేశములో అతి తక్కువ ధర. ఆ రికార్డు ఒక్క నెల మాత్రమే నిలిచినది. మే నెలలో రాజస్థాన్‌లోని భడ్లా పార్కులో ధర మొదట 2.62కు, కొద్ది రోజులలోనే 2.44కు పడిపోయినది. 2018లో కడప పార్కులోని మిగిలిన 750 మెగావాట్లకు సెకి వేలం పెట్టగా ధర 2.70 రూపాయల వద్ద నిలిచినది.

ఈ మొదటి 250 మెగావాట్లు 'కలగలుపు' పథకం క్రిందివి. సౌర విద్యుత్తు ఖరీదైనదిగా ఉన్న రోజులలో దాని భారం డిస్కమ్‌ల మీద పడకుండా, 2 మెగావాట్ల సౌర విద్యుత్తుకు 1 మెగావాట్ బొగ్గు విద్యుత్తును కలిపి, సగటు ధరకు అమ్మే పద్ధతి ఇది. సామర్థ్యములో సౌరం రెండింతలుగా కనిపించినా, సౌర కేంద్రం ఏడాది మొత్తం మీద తన సామర్థ్యములో 20 - 25 శాతమే ఇస్తుంది. బొగ్గు కేంద్రం 80 శాతం దాకా ఇవ్వగలదు. కాబట్టి ఈ మిశ్రమములో యూనిట్ల లెక్కన బొగ్గుదే పెద్ద వాటా. సౌర ధర 3.15కు దిగి, ఎన్.టి.పి.సి. సగటు బొగ్గు విద్యుత్ ధరకు సమానమైన తరువాత ఈ కలగలుపు ఉద్దేశమే పలచబడినది.

ఒప్పందముల వివాదం

ధరలు వేగముగా పడిపోవడం కొనుగోలుదారునికి లాభమే అనిపిస్తుంది. కాని విద్యుత్ కొనుగోలు ఒప్పందం 25 సంవత్సరాలకు కుదురుతుంది. నిన్న 5 రూపాయలకు ఒప్పుకున్న డిస్కమ్‌కు నేడు పక్క రాష్ట్రములో 2.44 ధర కనిపిస్తే, పాత ఒప్పందం నష్టముగా తోస్తుంది. కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టడానికి కూడా వెనుకాడుతుంది, మరి కొన్నాళ్ళు ఆగితే ఇంకా తగ్గవచ్చునను ఆశతో.

2019 మే నెలలో రాష్ట్రములో ప్రభుత్వం మారినది. జూలై 1న కొత్త ప్రభుత్వం పాత పవన, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలను తిరిగి చర్చించుటకు ఒక ఉన్నతస్థాయి కమిటీని నియమిస్తూ 63వ నంబరు జి.ఓ. ఇచ్చినది. పవన విద్యుత్తుకు 2.43, సౌర విద్యుత్తుకు 2.44 రూపాయలకు తగ్గించాలని డిస్కమ్‌లు ఉత్పత్తిదారులకు లేఖలు వ్రాసినవి. 2.44 భడ్లాలో పలికిన ధర. థార్ ఎడారిలో ఎండ ఎక్కువ, భూమి చవక. పైగా భడ్లా వేలం జరిగిన 2017 నాటికి ఫలకాల ధరలు బాగా పడిపోయి ఉన్నవి. అంతకు ఎన్నో ఏళ్ళ ముందు, ఎక్కువ వడ్డీకి అప్పు తెచ్చి రాయలసీమలో కట్టిన కేంద్రానికి ఆ కొలత పెట్టడం సమంజసమని చెప్పలేము. అయితే డిస్కమ్‌లు అప్పులలో మునిగి ఉన్నవన్నదీ, పాత ధరలు వినియోగదారులకు భారమైనవన్నదీ కూడా నిజమే.

ఉత్పత్తిదారులు హైకోర్టును ఆశ్రయించారు. కుదిరిన ఒప్పందాలను తిరగదోడితే పెట్టుబడులు రావని కేంద్ర విద్యుత్ శాఖ మంత్రి ఆర్.కె. సింగ్ రాష్ట్రానికి లేఖ వ్రాశారు. 2019 సెప్టెంబరు 24న ఏకసభ్య ధర్మాసనం ఆ జి.ఓ.ను కొట్టివేసినది. కాని ధరల విషయం తేల్చవలసినది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి అని చెప్పి, అంతవరకు మధ్యంతరముగా 2.43, 2.44 రూపాయల చొప్పున చెల్లించమన్నది. ఉత్పత్తిదారులు అప్పీలుకు వెళ్ళగా, 2022 మార్చి 15న ద్విసభ్య ధర్మాసనం ఆ మధ్యంతర ఏర్పాటును రద్దు చేసి, ఒప్పందములోని ధర ప్రకారమే బకాయిలను ఆరు వారాలలో చెల్లించాలని తీర్పు ఇచ్చినది.

ఈ మధ్యకాలములో జరిగిన నష్టాన్ని రెండు అంకెలు చెబుతాయి. 2019 మార్చి నాటికి ఆంధ్ర ప్రదేశ్ సౌర సామర్థ్యం సుమారు 3,100 మెగావాట్లు, రాజస్థాన్‌ది సుమారు 3,200. రెండు రాష్ట్రాలు దాదాపు సమానం. 2023 మార్చి నాటికి రాజస్థాన్ 17,000 మెగావాట్లు దాటినది. ఆంధ్ర ప్రదేశ్ 4,500 దగ్గర ఉన్నది. ఇదంతా ఒక్క వివాదం వలననే జరిగినదని చెప్పలేము. రాజస్థాన్‌కు విశాలమైన బంజరు భూములు, అంతర్రాష్ట్ర లైన్ల మీద ప్రసార ఛార్జీల మినహాయింపు కలిసివచ్చినవి. అయినను చెల్లింపులు నిలిచిపోయిన రాష్ట్రానికి అప్పు ఇచ్చే బ్యాంకు దొరకడం కష్టము.

2021 డిసెంబరులో రాష్ట్ర డిస్కమ్‌లు వ్యవసాయానికి పగటిపూట 9 గంటల విద్యుత్తు కోసమని సెకి ద్వారా 7,000 మెగావాట్ల సౌర విద్యుత్తుకు యూనిట్ 2.49 రూపాయల చొప్పున ఒప్పందం చేసుకున్నవి. ఆ విద్యుత్తు రాజస్థాన్ నుండి రావలసినది. మైలవరములో చదును చేసిన భూములు ఉండగా, రాయలసీమ బోరుబావులకు ఎడారి నుండి కరెంటు తెచ్చుకోవలసి రావడం విమర్శలకు గురి అయినది.

బొగ్గు కేంద్రముల స్థిర వ్యయం

సౌర విద్యుత్తు యూనిట్ ధర బొగ్గు కంటే తక్కువైనప్పుడు డిస్కమ్‌లు దానినే కొనవచ్చు గదా అని పాఠకునికి సందేహం కలుగుతుంది. బొగ్గు విద్యుత్తు ధరలో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి స్థిర ఛార్జీ. ఇది కేంద్రం నిర్మాణానికి తెచ్చిన అప్పు, వడ్డీ, జీతాలు, నిర్వహణ వంటివాటి కోసము. రెండవది చర ఛార్జీ. ఇది కాల్చిన బొగ్గు ఖరీదు. కేంద్రం సిద్ధముగా ఉండి, డిస్కమ్ దాని విద్యుత్తును తీసుకోకపోయినా స్థిర ఛార్జీ చెల్లించక తప్పదు.

ఉదాహరణకు ఒక బొగ్గు కేంద్రం స్థిర ఛార్జీ యూనిట్‌కు 1.50, చర ఛార్జీ 3.20 రూపాయలు అనుకుందాము. దానిని ఆపి 2.70కు సౌర విద్యుత్తు కొంటే డిస్కమ్‌కు యూనిట్‌కు 50 పైసలు మాత్రమే మిగులుతుంది, 2 రూపాయలు కాదు. అదే 5 రూపాయలకు ఒప్పుకున్న పాత సౌర విద్యుత్తు అయితే యూనిట్‌కు 1.80 నష్టం. ఈ లెక్కే 2019 వివాదానికి మూలము. సౌర, పవన విద్యుత్తును తప్పనిసరిగా తీసుకోవాలను నియమం ఉన్నందున, గిరాకీ తక్కువగా ఉన్న రోజులలో ఆర్.టి.పి.పి. యూనిట్లను ఆపివేయవలసి వస్తుంది. ఆపినా స్థిర ఛార్జీ ఆగదు. డిస్కమ్ దృష్టిలో ఒకే విద్యుత్తుకు రెండుసార్లు చెల్లించినట్లు అవుతుంది.

బొగ్గుతో ముడిపడినది ఒక్క డిస్కమ్ మాత్రమే కాదు. రైల్వే సరుకు రవాణాలో దాదాపు సగం బరువు బొగ్గుదే, ఆ ఆదాయముతోనే ప్రయాణికుల ఛార్జీలను తక్కువగా ఉంచగలుగుతున్నారు. సింగరేణిలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నవి. గనుల కార్మికులు, ఆర్.టి.పి.పి.లోని కాంట్రాక్టు కూలీలు, బూడిద రవాణా చేసే లారీలవారు కూడా ఆ పొయ్యి మీదనే ఆధారపడి ఉన్నారు. సౌర కేంద్రం కట్టేటప్పుడు చాలామందికి పని దొరుకుతుంది. పూర్తి అయిన తరువాత కాపలాకు, ఫలకాలు కడగడానికి, మరమ్మతులకు కొద్దిమంది చాలు.

సాయంకాలపు సమస్య

సౌర ఉత్పత్తి ఉదయం పెరిగి, మధ్యాహ్నం గరిష్ఠానికి చేరి, సాయంత్రం ఆరున్నర ప్రాంతములో సున్నాకు వస్తుంది. ఇళ్ళలో దీపాలు, ఫ్యానులు, టి.వి.లు వాడే సమయం అప్పుడే మొదలవుతుంది. అందుచేత బొగ్గు కేంద్రం పగలు తక్కువ స్థాయిలో నడిచి, సాయంత్రం గంట రెండు గంటలలో పూర్తి స్థాయికి లేవాలి. పాత బాయిలర్లు అందుకు తయారైనవి కావు. తరచుగా వేడెక్కి చల్లబడితే లోహపు గొట్టాలు బీటలు వారతాయి, యూనిట్‌కు కాలే బొగ్గు పెరుగుతుంది. అలాగని పూర్తిగా ఆపితే మరల వెలిగించడానికి గంటలు పడుతుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో జారీ చేసిన నిబంధనల ప్రకారం బొగ్గు యూనిట్లు ముందు 55 శాతం వరకు, తరువాత దశలవారీగా 40 శాతం వరకు ఉత్పత్తిని తగ్గించగలిగి ఉండాలి.

రాయలసీమలో ఈ సమస్యకు కొంత సహజమైన పరిష్కారం ఉన్నది. వ్యవసాయ బోరుబావుల వాడకాన్ని పగటిపూటకు మార్చితే సౌర విద్యుత్తు అక్కడికక్కడే ఖర్చు అవుతుంది. రైతుకు అర్ధరాత్రి పొలానికి వెళ్ళి మోటారు వేసే బాధ, ఆ చీకటిలో పాముకాటు, విద్యుదాఘాతం భయం తప్పుతాయి. ఉచిత విద్యుత్తు 2004 నుండి అమలులో ఉన్నందున, ఈ యూనిట్లకు డబ్బు రైతు నుండి గాక ప్రభుత్వ సబ్సిడీ నుండి రావాలి. ఆ సబ్సిడీ ఆలస్యమైతే డిస్కమ్, డిస్కమ్ ఆలస్యం చేస్తే సౌర కంపెనీ, వరుసగా ఇబ్బంది పడతారు.

నిల్వ రెండవ మార్గము. పగలు మిగిలిన విద్యుత్తుతో నీటిని ఎత్తయిన జలాశయానికి తోడి, సాయంత్రం క్రిందికి వదిలి టర్బైన్లు తిప్పే పంప్డ్ స్టోరేజి కేంద్రాలకు ఈ ప్రాంతపు కొండలు అనుకూలము. కర్నూలు వైపు పిన్నాపురం వద్ద 1680 మెగావాట్ల కేంద్రానికి 2022 మే నెలలో శంకుస్థాపన జరిగినది. గండికోట వద్ద కూడా ఇటువంటి కేంద్రాన్ని ప్రతిపాదించారు.

ఎండ, దుమ్ము, నీరు

ఎండ ఎక్కువైనకొలదీ విద్యుత్తు ఎక్కువ వస్తుందనుకోవడం పొరపాటు. ఫలకానికి కావలసినది వెలుగు, వేడి కాదు. ఫలకం సామర్థ్యాన్ని 25 డిగ్రీల సెల్సియస్ వద్ద కొలిచి ముద్రిస్తారు. అంతకు పైన ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతం ఉత్పత్తి తగ్గుతుంది. కడప జిల్లా వేసవిలో గాలి 42 డిగ్రీలు ఉంటే ఫలకం 65 డిగ్రీలకు చేరగలదు. అంటే 40 డిగ్రీల తేడా, 16 శాతం నష్టము.

దుమ్ము మరొక శత్రువు. నల్లరేగడి నేల వేసవిలో నెర్రెలు విచ్చి దుమ్ము లేస్తుంది. అదే నేల వానకు ఉబ్బి స్తంభాల పునాదులను కదుపుతుంది కనుక వాటిని లోతుగా దింపాలి. ఫలకాలను కడగడానికి ఎంత నీరు కావాలో ఒక ఉజ్జాయింపు చూడవచ్చు. 250 మెగావాట్లకు 330 వాట్ల ఫలకాలు సుమారు 7.5 లక్షలు అవసరము. ఒక్కొక్కదానికి 2 లీటర్లు, నెలకు రెండుసార్లు అయితే ఏడాదికి 3.6 కోట్ల లీటర్లు. కరవు మండలములో ఇది చిన్న సంగతి కాదు. అయితే 22 శాతం లెక్కన ఆ కేంద్రం ఏడాదికి ఇచ్చే 48 కోట్ల యూనిట్లను బొగ్గుతో ఉత్పత్తి చేయవలసి వస్తే, పాత కేంద్రాలకు 2015లో నిర్ణయించిన పరిమితి ప్రకారమే, యూనిట్‌కు 3.5 లీటర్ల చొప్పున 168 కోట్ల లీటర్లు కావాలి. బొగ్గు 3 లక్షల టన్నులకు పైగా కాలాలి. మైలవరం జలాశయం దృష్టితో చూస్తే సౌర కేంద్రమే నయము. నీరు లేకుండా బ్రష్షులతో తుడిచే యంత్రాలు వచ్చిన తరువాత ఈ వ్యత్యాసం ఇంకా పెరిగినది.

భూమి

1000 మెగావాట్లకు 5,927 ఎకరాలు అంటే మెగావాట్‌కు సుమారు ఆరు ఎకరాలు. ప్రభుత్వ పత్రాలలో బంజరు అని వ్రాసిన భూమి గ్రామస్థుల దృష్టిలో ఖాళీ భూమి కాదు. గొర్రెలు, మేకలు మేసేది అక్కడే, వంటచెరకు దొరికేది అక్కడే. రాయలసీమలో ఇటువంటి భూములలో చాలా భాగం డి.కె.టి. పట్టాల క్రింద పేదలకు ఇచ్చినవి. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం వీటి అమ్మకాన్ని నిషేధించినందున, పట్టాదారు బజారు ధర అడిగే స్థితిలో ఉండేవాడు కాదు. 2023లో చట్టాన్ని సవరించి, ఇరవై ఏళ్ళు గడిచిన అసైన్‌మెంట్లకు పూర్తి హక్కులు ఇచ్చారు. పరిహారం పట్టా ఉన్నవారికే వస్తుంది. ఆ పొలములో పత్తి తీసే కూలీకి, కౌలుదారుకు, గొర్రెల కాపరికి కాగితం లేదు.

అమ్మకానికి బదులు కౌలు పద్ధతి తరువాత వచ్చినది. ఎకరాకు ఏటా సుమారు 30 వేల రూపాయలు, రెండేళ్ళకు ఒకసారి 5 శాతం పెంపుతో, రైతు భూమిని కంపెనీకి ఇవ్వవచ్చు. వర్షాధారపు శనగ పంట మీద కచ్చితముగా అంత మిగులుతుందని ఏ రైతూ చెప్పలేడు. కనుక చాలామందికి ఇది ఆకర్షణీయముగానే కనిపిస్తుంది. అయితే పాతికేళ్ళు కంచె లోపల ఉన్న పొలం గట్లు, దారులు, వంకలు తిరిగి ఎలా గుర్తించాలను సంగతి ఒప్పందములో స్పష్టముగా వ్రాసుకోవడం అవసరము.

ఫలకముల దిగుమతి

బొగ్గు కోసం సింగరేణి మీద ఆధారపడినట్లే, ఫలకాల కోసం దేశం చాలాకాలం చైనా మీద ఆధారపడినది. దేశీయ పరిశ్రమను నిలబెట్టడానికి కేంద్రం 2018 జూలై 30 నుండి 25 శాతం రక్షణ సుంకం విధించినది. 2022 ఏప్రిల్ 1 నుండి ఫలకాలపై 40 శాతం, సెల్‌లపై 25 శాతం కస్టమ్స్ సుంకం వేసినది. దీనివలన దేశములో కర్మాగారాలు పెరిగినవి, అదే సమయములో అంతకు ముందే తక్కువ ధరకు వేలం పాడుకున్నవారి లెక్కలు తలక్రిందులైనవి. 2.70 వంటి ధరలకు ఒప్పుకున్న ప్రాజెక్టులకు ఒక్క సుంకం మార్పు చాలు, లాభం నష్టముగా మారుటకు.

తరువాతి పరిణామములు

2024 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం సమీకృత స్వచ్ఛ ఇంధన విధానాన్ని ప్రకటించినది. అందులో మొత్తం లక్ష్యం 160 గిగావాట్లకు పైగా, సౌర విద్యుత్తు వాటా 78.5 గిగావాట్లు. మెగావాట్‌కు ఆరు ఎకరాల లెక్కన ఆ సౌర వాటాకే 4 లక్షల 70 వేల ఎకరాలు కావాలి. కొత్త ఫలకాల సామర్థ్యం పెరిగినందున ఈ అవసరం కొంత తగ్గుతుంది. జాతీయ స్థాయిలో 2025 జూన్ నాటికి స్థాపిత సామర్థ్యములో సగం శిలాజేతర వనరులది అయినది. కాని ఉత్పత్తి అయ్యే యూనిట్లలో బొగ్గు వాటా ఇప్పటికీ 70 శాతం పరిసరాలలోనే ఉన్నది. ముద్దనూరు కేంద్రానికి బొగ్గు రైళ్ళు వస్తూనే ఉన్నవి.